యూకేలో మాస్టర్స్‌కి వెళ్తున్నారా? ఎన్‌సూట్ రూమ్ కావాలా, షేర్డ్ బాత్రూమ్ చాలా, ఎలా తేల్చుకోవాలి

సెప్టెంబర్ ఇన్‌టేక్ వాళ్ళకి క్యాస్ లెటర్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే సీటు ఖాయం కాగితం) చేతికొచ్చి వీసాకి అప్లై చేసిన దగ్గర్నుంచి ఇంట్లో రోజూ నడిచే చర్చ రూమ్ గురించే, అందులోనూ అమ్మలు ముందు అడిగేది "బాత్రూమ్ నీకు సెపరేటా, అందరితో కలిపా?" అని. యూనివర్సిటీ సైట్‌లో చూస్తే స్టాండర్డ్ రూమ్ ఒక రేటు, ఎన్‌సూట్, అంటే గదికే సొంత బాత్రూమ్ ఉన్నది, ఇంకో రేటు, స్టూడియో అయితే చూడగానే గుండె గుభేల్ మనే రేటు. కన్సల్టెన్సీ వాళ్ళు ఎన్‌సూట్ బుక్ చేస్కోండి అంటారు, అక్కడున్న సీనియర్లు డబ్బులు దండగ మా ఇంట్లోకి వచ్చెయ్ అంటారు, ఎవరి మాట వినాలో తెలీక ఆఖర్న టికెట్ బుక్ చేసే హడావిడిలో ఏదో ఒకటి తీసేస్కుంటారు. నేను రాసేది ఇంగ్లండ్‌కి ఒక ఏడాది మాస్టర్స్‌కి వచ్చే మన వాళ్ళ కోసం, అంటే హాట్‌ఫీల్డ్, కోవెంట్రీ, లెస్టర్, మిడిల్స్‌బ్రో, లండన్ ఇలా. స్కాట్లాండ్, వేల్స్‌లో రూల్స్ వేరుగా ఉంటాయి కాబట్టి ఇక్కడ చెప్పే చట్టాలు అక్కడికి పట్టుకెళ్ళకండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, ఎక్కువ మందికి సొంత బాత్రూమ్ అవసరం లేదు. ముగ్గురికి మించకుండా వాడే బాత్రూమ్, పొద్దున అందరికీ సరిపోయే వేడినీళ్ళు, ఎవరు కడగాలో ముందే తేల్చుకున్న మాట, ఈ మూడూ ఉంటే ఏడాది హాయిగా గడిచిపోతుంది. కానీ కొంతమందికి మాత్రం అది నిజంగానే అవసరం, వాళ్ళు "అందరూ సర్దుకుంటున్నారు కదా, నాకెందుకు" అనుకుని మొహమాటపడి ఏడాదంతా బాధపడకూడదు. మీరు ఏ బాపతో తేల్చుకోడానికే ఇదంతా.

ముందు ఎన్‌సూట్ అంటే ఏం వస్తుందో చూడండి

ఫోటోలో పెద్దగా కనపడుతుంది గానీ చాలా హాల్స్‌లో, అంటే స్టూడెంట్ హాస్టళ్ళలో, ఎన్‌సూట్ అంటే ఫ్యాక్టరీలో తయారు చేసి తెచ్చి బిల్డింగ్‌లో పెట్టేసిన ప్లాస్టిక్ డబ్బా లాంటి గది, దాన్ని బాత్రూమ్ పాడ్ అంటారు. లోపలికి అడుగు పెడితే ఎదురుగా కమోడ్, పక్కన మోచెయ్యి తగిలేంత దగ్గర్లో చిన్న వాష్‌బేసిన్, మూలన షవర్, దానికి ఒక కర్టెన్, కిటికీ ఉండదు, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే. కొన్నిట్లో షవర్‌కి విడిగా అరుగు కూడా ఉండదు, స్నానం చేస్తే నేలంతా తడుస్తుంది, బాత్రూమ్ తలుపు గడప చిన్నది కాబట్టి డ్రెయిన్‌లో వెంట్రుకలు అడ్డం పడ్డ రోజు నీళ్ళు నేరుగా రూమ్‌లో కార్పెట్ మీదకి వస్తాయి. ఫ్యాన్ సరిగ్గా లాగకపోతే ఆవిరంతా మీ మంచం ఉన్న గదిలోకే, అదే గదిలో బట్టలు కూడా ఆరేస్తే శీతాకాలం మధ్యకొచ్చేసరికి కిటికీ అంచుల్లో నల్లటి బూజు మొదలవుతుంది.

కిచెన్ మాత్రం ఎన్‌సూట్‌లో కూడా షేరింగే. ఒక ఫ్లాట్‌లో అయిదు నుంచి ఎనిమిది రూములు, అందరికీ కలిపి ఒక కిచెన్, దీన్ని క్లస్టర్ ఫ్లాట్ అంటారు. స్టూడియో అయితే కిచెన్ కూడా మీ గదిలోనే. స్టాండర్డ్ రూమ్ అంటే కారిడార్‌లో ఉన్న బాత్రూములు నలుగురైదుగురు వాడుకోవాలి. ప్రైవేట్ ఇల్లు అంటే మనవాళ్ళు నలుగురైదుగురు కలిసి తీస్కునే మామూలు రెండంతస్తుల ఇల్లు, సాధారణంగా పైన ఒక బాత్రూమ్, అదృష్టం బావుంటే కింద మెట్ల దగ్గర ఇంకో టాయిలెట్.

ఇంకోటి, యూనివర్సిటీలు ఇన్ని ఎన్‌సూట్ రూములు కట్టుకోడానికి ఒక కారణం వేసవి సెలవుల్లో అవే రూముల్ని కాన్ఫరెన్సులకి వచ్చే వాళ్ళకి అద్దెకిచ్చుకోవచ్చని. అంటే బిల్డింగ్ కొత్తది, అన్నీ ఎన్‌సూట్లే అని చూసి "ఇక్కడ స్టూడెంట్స్ అందరికీ ఇదే కావాలేమో" అనుకోనక్కర్లేదు.

లెక్క వారానికి కాదు, ఏడాదికి వెయ్యండి

ఇక్కడ అద్దె వారానికి చెప్తారు, మనకి నెల లెక్క అలవాటు, ఆ గందరగోళంలో "తేడా ముప్పై అయిదు పౌండ్లే కదా" అనిపిస్తుంది. ఉదాహరణకి స్టాండర్డ్ రూమ్ వారానికి 130 పౌండ్లు, ఎన్‌సూట్ 165 అనుకోండి. 51 వారాలకి ఆ తేడా 1,785 పౌండ్లు. పౌండ్ 110 రూపాయలు వేసుకున్నా దాదాపు రెండు లక్షలు. ఇక్కడ కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్ళు నిండిన వాళ్ళకి గంటకి 12.21 పౌండ్లు చేశారు, ఆ లెక్కన 1,785 పౌండ్లు అంటే సుమారు 146 గంటల పని, స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే చెయ్యనిస్తారు కాబట్టి ఏడు వారాల పైన జీతం మొత్తం ఆ చిన్న గదికే పోతుంది. పార్ట్‌టైమ్ దొరకడం కూడా ఈ మధ్య అంత తేలిక కాదు, అది కూడా మనసులో పెట్టుకోండి.

ఇంకో చోట చాలామంది లెక్క తప్పుతారు. హాల్స్‌లో కొన్ని కాంట్రాక్టులు 40, 42, 44 వారాలే ఉంటాయి, అవి డిగ్రీ పిల్లల క్యాలెండర్‌కి సరిపోయేవి. మాస్టర్స్ వాళ్ళకి డిసర్టేషన్ (చివర్లో రాసే పెద్ద ప్రాజెక్ట్ రిపోర్ట్) సెప్టెంబర్ దాకా నడుస్తుంది, జూన్‌లోనో జులైలోనో రూమ్ ఖాళీ చెయ్యమంటే ఆ రెండు మూడు నెలలు ఎక్కడుంటారు? కాబట్టి 42 వారాల స్టాండర్డ్ రూమ్‌ని 51 వారాల ఎన్‌సూట్‌తో నేరుగా పోల్చి "మూడు వేల పౌండ్లు మిగిలాయి" అనుకోవద్దు, మిగతా తొమ్మిది వారాల అద్దె కూడా కలిపి చూడండి. ముందు అకామడేషన్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టి సమ్మర్‌లో పొడిగించుకోవచ్చా, ఏ రేటుకి, అదే రూమా లేక వేరే బిల్డింగ్‌కి మారాలా అడగండి.

హాల్స్‌లో కరెంటు, నీళ్ళు, గ్యాస్, ఇంటర్నెట్ మామూలుగా అద్దెలోనే ఉంటాయి. ప్రైవేట్ ఇంట్లో బిల్స్ వేరు అంటే అవి కూడా కలుపుకోవాలి, చలికాలంలో హీటింగ్ బిల్లు గట్టిగానే వస్తుంది. ఒక్క కౌన్సిల్ ట్యాక్స్ (కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ లాంటిది, దానికి కట్టే ఇంటి పన్ను) మాత్రం ఇంట్లో ఉన్న వాళ్ళందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్స్ అయితే కట్టక్కర్లేదు, దానికి యూనివర్సిటీ ఇచ్చే లెటర్ కౌన్సిల్‌కి పంపాలి. ఇంట్లో ఒక్కరు చదువు అయిపోయి జాబ్‌లో ఉన్నా ఆ మినహాయింపు పోతుంది, అప్పుడు బిల్లు ఎవరు కడతారో ఇంట్లోకి వెళ్ళకముందే మాట్లాడుకోండి.

ఒక్క బాత్రూమ్‌కి ఎంతమంది

అసలు తేల్చాల్సింది ఇదే. మన హైదరాబాద్‌లో అమీర్‌పేట్, ఎస్ఆర్ నగర్ హాస్టళ్ళలో అటాచ్డ్ బాత్రూమ్ అని బోర్డు మీద రాసి ఉన్నా రూమ్‌లో ఉన్న ముగ్గురు నలుగురూ కలిసి వాడేది ఒక్కటే, అందులో ఉండి కోచింగ్ తీస్కుని, జాబ్ చేసి వచ్చిన వాళ్ళు ఎంతోమంది, అంటే మీరు ఇప్పటికే షేరింగ్‌లో బతికినవాళ్ళే. ఆ అనుభవం గుర్తు తెచ్చుకుని మీకు మీరే నిజాయితీగా చెప్పుకోండి, అప్పుడు ఇబ్బంది పెట్టింది ఏంటి? పొద్దున క్యూనా, కంపా, రాత్రి పూట లేచి వెళ్ళడమా, ఇంకొకరు బయట నిలబడి ఉంటే మీకు టెన్షనా? క్యూ అయితే మనుషులు తగ్గితే తీరిపోతుంది. కంపు అయితే కడిగే ఏర్పాటుతో తీరుతుంది. ఇంకొకరు బయట ఉన్నారన్న ఆలోచనతోనే కడుపు పట్టేసే రకం అయితే మాత్రం అది ఎన్‌సూట్‌తోనే తీరేది.

ఇంగ్లండ్‌లో రూల్ ఏంటంటే, వేరువేరు కుటుంబాలకి చెందిన ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది కిచెనో బాత్రూమో పంచుకుంటూ ఒక ఇంట్లో అద్దెకుంటే ఆ ఇంటిని హెచ్ఎంవో అంటారు, అయిదుగురు లేదా ఎక్కువ అయితే ఓనర్ కౌన్సిల్ దగ్గర లైసెన్స్ తీస్కోవడం తప్పనిసరి. ముందు మూడంతస్తులుంటేనే అనే షరతు ఉండేది, 2018 అక్టోబర్ 1 నుంచి అది తీసేశారు. ముగ్గురు నలుగురున్నా లైసెన్స్ అడిగే కౌన్సిళ్ళు కూడా ఉన్నాయి. లైసెన్స్ ఉన్న ఇంట్లో సుమారుగా అయిదుగురికి ఒక బాత్రూమ్, ఒక టాయిలెట్ అనేది కనీస కొలత, ఒక్కరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకి తగ్గకూడదు, ఇద్దరికైతే 10.22.

ఇది ఎందుకు చెప్తున్నానంటే మన వాళ్ళ గ్రూపుల్లో "3 బెడ్‌రూమ్ హౌస్, షేరింగ్, నెలకి 250 పౌండ్లు, తెలుగు బాయ్స్" అని పోస్టులు వస్తాయి, వెళ్ళి చూస్తే హాల్‌లో పరుపులు, మొత్తం తొమ్మిది పది మంది, పైన ఒక్కటే బాత్రూమ్. దిగిన కొత్తలో వారం పది రోజులు తల దాచుకోడానికి సీనియర్లు చోటివ్వడం మంచి మనసే, దానికి నేనేమీ అనను, వాళ్ళు లేకపోతే చాలామందికి మొదటి రాత్రి ఎక్కడుండాలో కూడా తెలీదు. కానీ ఏడాదంతా అలా ఉండటానికి ఒప్పుకోవద్దు. కాంట్రాక్ట్‌లో మీ పేరుండదు, అడ్రస్ ప్రూఫ్ రాదు, బ్యాంక్ అకౌంట్‌కి ఇబ్బంది, ఓనర్‌కి తెలిస్తే సామాన్లతో సహా బయటికి పొమ్మంటే అడిగే దిక్కుండదు. పొద్దున తొమ్మిదింటి క్లాసుకి ఆరింటికే లేచి వరసలో నిలబడే ఇంట్లో డిసర్టేషన్ రాయడం నరకం. లైసెన్స్ ఉన్న ఇళ్ళ జాబితాని, అంటే హెచ్ఎంవో రిజిస్టర్‌ని, చాలా చోట్ల ఆ ఊరి కౌన్సిల్ సైట్‌లోనే ఎవరైనా చూడొచ్చు, అడ్రస్ కొట్టి లైసెన్స్ ఉందా, ఎంతమందికి ఇచ్చారు అనేది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంట్లోకి వెళ్ళాక చూడటం కాదు, డబ్బులు పంపకముందే చూడండి.

నా లెక్కలో ఇద్దరికి ఒకటి అయితే ఎన్‌సూట్‌కి పెద్ద తేడా ఉండదు. ముగ్గురికి ఒకటి బావుంటుంది. నలుగురికి ఒకటి అయితే టాయిలెట్ విడిగా ఇంకోటి ఉండాలి, స్నానానికి ఒకరు వెళ్తే మిగతావాళ్ళకి అత్యవసరం ఆగదు కదా. అయిదుగురికి ఒకటే ఉంటే చట్టం ఒప్పుకున్నా నేనైతే వద్దంటా, ఆ డబ్బుకి కొంచెం దూరంగా ఇంకో ఇల్లు చూస్కోండి.

వేడినీళ్ళ సంగతి

మైనస్ డిగ్రీల చలిలో పొద్దున చన్నీళ్ళు తగిలితే తెలుస్తుంది దీని విలువ. ఇళ్ళలో ముఖ్యంగా మూడు రకాలు ఉంటాయి. కాంబీ బాయిలర్ అయితే గ్యాస్ మీద అప్పటికప్పుడు కాగుతుంది, నీళ్ళు అయిపోవడం ఉండదు గానీ ఒకేసారి రెండు చోట్ల వాడితే ధార సన్నబడిపోతుంది, మీరు షవర్‌లో ఉండగా కింద ఎవరో గిన్నెలు తోమితే ఒంటి మీద నీళ్ళు ఒక్కసారిగా చల్లబడతాయి. రెండోది ట్యాంక్ ఉన్న పాత పద్ధతి, మన గీజర్‌కి పెద్దన్న లాంటిది, కాగిన నీళ్ళు అయిపోతే మళ్ళీ కాగేదాకా ఆగాలి, నలుగురు వరసగా స్నానం చేస్తే మూడో వాళ్ళకి గోరువెచ్చగా, నాలుగో వాళ్ళకి చల్లగా వస్తాయి. మూడోది ఎలక్ట్రిక్ షవర్, గోడకి తెల్లటి డబ్బా ఉంటుంది, సీలింగ్ నుంచి వేలాడే తాడు లాగితేనే ఆన్ అవుతుంది (కొత్తలో ఇది తెలీక చన్నీళ్ళతో చేసే వాళ్ళు బోలెడు మంది), అయిపోవడం ఉండదు గానీ ధార తక్కువ, కరెంటు ఎక్కువ.

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు బాత్రూములు ఎన్ని అని మాత్రమే కాదు, బాయిలర్ ఏ రకం, ట్యాంక్ అయితే ఎంత సేపట్లో మళ్ళీ కాగుతుంది అని కూడా అడగండి. రెండు బాత్రూములుండి ఒకటే చిన్న ట్యాంక్ ఉన్న ఇంటికంటే ఒకటే బాత్రూమ్‌లో ఎలక్ట్రిక్ షవర్ ఉన్న ఇల్లు చాలాసార్లు మేలు.

ఇంకో మాట, పాత ఇళ్ళలో ఓనర్లు అద్దె పెంచుకోడానికి బెడ్‌రూమ్ మూలలోనే చిన్న ఎన్‌సూట్ కట్టించేస్తారు. డ్రైనేజ్ పైపు అక్కడికి రాదు కాబట్టి కమోడ్ వెనక మేసరేటర్ అని ఒక మోటార్ పెడతారు, అది వ్యర్థాన్ని నలగ్గొట్టి సన్నటి పైపులోంచి తోస్తుంది. ఫ్లష్ చేసిన ప్రతిసారీ మిక్సీ వేసినట్టు సౌండ్, రాత్రి రెండింటికి మీరు వెళ్తే పక్క గదివాళ్ళు కూడా లేస్తారు, టాయిలెట్ పేపర్ తప్ప ఇంకేది పడినా మోటార్ ఆగిపోతుంది, రిపేర్ చేసేదాకా ఆ ఎన్‌సూట్ ఉన్నా లేనట్టే. ఇలాంటి ఎన్‌సూట్‌కి నేనైతే ఒక్క పౌండ్ కూడా ఎక్కువ పెట్టను.

మన అలవాట్లకి ఇక్కడి బాత్రూమ్

మన బాత్రూమ్ నేలంతా కడిగేస్కునేలా ఉంటుంది, మూలన జాలీ ఉంటుంది, బకెట్ పెట్టుకుని మగ్గుతో నాలుగు చెంబులు పోసుకుంటే ఆ తృప్తే వేరు. ఇక్కడి ఇళ్ళలో నేలకి జాలీ ఉండదు. బాత్‌టబ్‌లోనో షవర్ ట్రేలోనో నిలబడి, కర్టెన్ అంచు టబ్ లోపలికి వేసుకుని చెయ్యాలి, కర్టెన్ బయట ఉంటే నీళ్ళన్నీ నేల మీదకి, అక్కడ్నుంచి చెక్కలోకి ఇంకి కింద హాల్ సీలింగ్ మీద గోధుమ రంగు మరక, చివర్లో డిపాజిట్‌లో కోత. బకెట్ స్నానం మానలేకపోతే టబ్ లోపల బకెట్ పెట్టుకుని అందులోనే నిలబడి చెయ్యండి, ఎవరూ అడ్డుచెప్పరు.

కమోడ్ పక్కన జెట్ స్ప్రే ఉండదు. ఒక మగ్గు గానీ, నొక్కితే నీళ్ళొచ్చే బాటిల్ గానీ కొనుక్కుని షేర్డ్ అయితే మీ రూమ్‌లో పెట్టుకుని వెళ్ళేటప్పుడు తీస్కెళ్ళండి, ఎన్‌సూట్ అయితే అక్కడే పెట్టుకోవచ్చు. నిజం చెప్పాలంటే మన వాళ్ళలో చాలామంది ఎన్‌సూట్ కావాలనుకునేది ఈ ఒక్క విషయానికే, మగ్గు పట్టుకుని కారిడార్‌లో నడవడం సిగ్గనిపించి. ఆ సిగ్గు రెండు వారాలు ఉంటుంది, రెండు లక్షలు మాత్రం తిరిగి రావు. చిన్న టాయిలెట్రీ బ్యాగ్‌లో బాటిల్ పెట్టుకెళ్తే ఎవరికీ కనపడదు కూడా. సొంతంగా జెట్ స్ప్రే బిగించే పని మాత్రం పెట్టుకోవద్దు, మురికి నీళ్ళు వెనక్కి మంచినీళ్ళ పైపులోకి వెళ్ళకూడదని ఇక్కడ ప్లంబింగ్ రూల్స్ గట్టిగా ఉంటాయి, ఓనర్ అనుమతి లేకుండా ముట్టుకుంటే లీకేజ్ అంతా మీ నెత్తిన పడుతుంది.

తలకి నూనె పెట్టి ఆదివారం కుంకుడుకాయో శీకాకాయో వేసి తలంటుకునే అమ్మాయిలు షవర్ డ్రెయిన్ మీద వేసే చిన్న జాలీ ఒకటి తప్పకుండా కొనుక్కోండి, పౌండ్ రెండు పౌండ్లకి దొరుకుతుంది. నూనె, పొడి, వెంట్రుకలు కలిస్తే పైపులో ముద్దలా గడ్డకడుతుంది. పసుపు, గోరింటాకు తెల్లటి ప్లాస్టిక్ షవర్ ట్రే మీద పడితే వెంటనే కడిగెయ్యండి, ఆరితే పోదు. హెయిర్ డ్రయర్ బాత్రూమ్‌లో పెట్టుకుందామంటే ప్లగ్ ఉండదు, షేవర్‌కి మాత్రమే పనికొచ్చే చిన్న సాకెట్ ఉంటుంది, అద్దం రూమ్‌లో పెట్టుకోవాల్సిందే.

ఎవరికి నిజంగా కావాలి

పేగుల జబ్బులు, అంటే క్రోన్స్, కొలైటిస్, ఐబీఎస్ లాంటివి ఉన్నవాళ్ళు. మాటిమాటికీ యూరిన్‌కి వెళ్ళాల్సిన సమస్య ఉన్నవాళ్ళు. పీరియడ్స్ బాగా ఎక్కువగా, నొప్పితో వచ్చేవాళ్ళు, రాత్రి పూట రెండు మూడు సార్లు లేవాల్సి వచ్చేవాళ్ళు. ఇన్ఫెక్షన్ సోకకూడదని డాక్టర్ చెప్పినవాళ్ళు, ఇంజెక్షన్లు చేస్కునేవాళ్ళు. శుభ్రత విషయంలో మనసు ఆగక గంటల తరబడి కడుగుతూ ఉండే ఓసీడీ ఉన్నవాళ్ళు. వీళ్ళకి ఎన్‌సూట్ విలాసం కాదు, వైద్యంలో భాగం, ఇంట్లోవాళ్ళు కూడా ఆ ఖర్చుకి వెనకాడొద్దు.

వీళ్ళు చెయ్యాల్సింది, యూనివర్సిటీ అకామడేషన్ ఫామ్‌లో మెడికల్ లేదా డిసెబిలిటీ అవసరం అని ఉన్న చోట తప్పకుండా రాయడం. మనవాళ్ళు వీసాకి ఏమన్నా అడ్డొస్తుందేమో, అడ్మిషన్ పోతుందేమో అని భయపడి అక్కడ ఖాళీ వదిలేస్తారు, ఆ వివరాలు రూమ్ కేటాయించడానికి వాడేవే. ఇండియాలో మీ డాక్టర్ దగ్గర లెటర్‌హెడ్ మీద ఇంగ్లిష్‌లో రాయించుకోండి, జబ్బు పేరు ఒక్కటే కాదు, "ఈ కారణం వల్ల ఈమెకి సొంత టాయిలెట్ అవసరం" అని స్పష్టంగా ఉండాలి. 2010 ఈక్వాలిటీ యాక్ట్ కింద వైకల్యం లేదా దీర్ఘకాలిక జబ్బు ఉన్న స్టూడెంట్‌కి యూనివర్సిటీ తగిన సర్దుబాటు చెయ్యాలి. స్టాండర్డ్ రూమ్ రేటుకే ఎన్‌సూట్ ఇవ్వగలరా అని డిసెబిలిటీ సర్వీస్‌ని మెయిల్‌లో అడగండి, ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి, అడగనివాళ్ళకి మాత్రం ఎవరూ పిలిచి ఇవ్వరు. రూములు నిండిపోయాక చేతులెత్తేస్తారు కాబట్టి ఆఫర్ వచ్చిన వెంటనే కదలండి.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. చాలా ఫ్లాట్లు అబ్బాయిలు అమ్మాయిలు కలిపే ఉంటాయి, స్టాండర్డ్ రూమ్ అయితే బాత్రూమ్ కూడా కలిపే కావచ్చు. కొంతమందికి ఏం అనిపించదు, కొంతమందికి నైట్ డ్రెస్‌లో బాత్రూమ్‌కి వెళ్ళడమే ఇబ్బంది. రెండో రకం అయితే ఎన్‌సూట్ కంటే ముందు అమ్మాయిల ఫ్లాట్ ఉందా అని అడగండి, చాలా చోట్ల ఫామ్‌లోనే ఆ ఆప్షన్ ఉంటుంది, అదనంగా డబ్బులు కూడా ఉండవు. ఐదు పూటలా నమాజ్ చేసేవాళ్ళకి వుజూకి కాళ్ళు కడుక్కోడానికి షేర్డ్ వాష్‌బేసిన్ దగ్గర ఇబ్బందే, బాత్‌టబ్ ఉన్న బాత్రూమ్ అయితే తేలిక. క్యాంపస్‌లో ప్రేయర్ రూమ్ ఉండి దాని పక్కనే కాళ్ళు కడుక్కునే ఏర్పాటు ఉంటే పగటి పూటంతా అక్కడే అయిపోతుంది, ఆ సంగతి ముందే కనుక్కోండి.

ఇక వేర్‌హౌస్‌లో, కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టులు చేద్దామనుకునేవాళ్ళు. మీరు పొద్దున ఆరింటికి వచ్చి స్నానం చేసి పడుకుంటారు, మిగతావాళ్ళు అప్పుడే లేస్తారు, టైమింగ్స్ వేరు కాబట్టి షేరింగ్ మీకు ఇంకా సులువు.

డబ్బు కొంచెం ఎక్కువ పెట్టగలిగేవాళ్ళకి నా సలహా, ఆ డబ్బు బాత్రూమ్ మీద కాకుండా కిచెన్ మీద పెట్టండి. రోజూ అన్నం, పప్పు, కూర, పులుసు వండుకునేవాళ్ళం మనం, బాత్రూమ్‌లో రోజుకి అరగంట ఉంటాం, కిచెన్‌లో గంటన్నర. ఎనిమిది మందికి ఒక స్టవ్, ఫ్రిజ్‌లో ఒక్క అర మీ వాటాకి వచ్చే ఎన్‌సూట్ ఫ్లాట్ కంటే ముగ్గురు మనవాళ్ళు కలిసి తీస్కున్న ఇంట్లో పెద్ద కిచెన్, ఒక బాత్రూమ్ ఎన్నో రెట్లు నయం. పోపు వాసనకి పక్క రూమ్ వాళ్ళు మొహం చిట్లించుకునే చోట ఎన్‌సూట్ ఉండి ఏం లాభం.

కడిగేది ఎవరు

హాల్స్‌లో షేర్డ్ బాత్రూములని చాలా చోట్ల క్లీనింగ్ స్టాఫ్ వచ్చి కడుగుతారు, ఎన్‌సూట్ మాత్రం మీరే కడుక్కోవాలి. ఇది వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇండియాలో ఎప్పుడూ కమోడ్ కడగని వాళ్ళు ఇది ఆలోచించుకోండి. లండన్, హాట్‌ఫీల్డ్ వైపు నీళ్ళలో సున్నం ఎక్కువ, షవర్ గ్లాస్ మీద, కొళాయిల చుట్టూ తెల్లటి గార పట్టేస్తుంది, వారానికోసారి వెనిగర్ వేసి తుడిస్తే పోతుంది, నెలలు వదిలేస్తే రాయి అయిపోతుంది, ఖాళీ చేసేటప్పుడు దానికి కూడా క్లీనింగ్ ఛార్జ్ వేస్తారు.

ప్రైవేట్ ఇంట్లో మనవాళ్ళే ఉంటే కడిగే దగ్గరే గొడవలు వస్తాయి, స్నేహాలు విడిపోయేంత. ఇంట్లోకి దిగిన మొదటి ఆదివారమే కూర్చుని మాట్లాడేస్కోండి. వారానికి ఒకరు వంతు, ఆ వారం కమోడ్, టబ్, బేసిన్, నేల మొత్తం వాళ్ళదే. టిష్యూ పేపర్, క్లీనర్, బ్లీచ్‌కి నెలకి తలా కొంచెం వేసి ఒక డబ్బాలో పెట్టండి. బ్లీచ్, వెనిగర్ ఒకేసారి కలపొద్దు, విషవాయువు వస్తుంది, కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో అది చాలా ప్రమాదం. స్నానం అయ్యాక వెంట్రుకలు ఎవరివి వాళ్ళు తియ్యాలి. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఎవరికి ఎన్నింటికి క్లాస్ ఉందో చూసి టైమ్ రాసుకుని తలుపుకి అంటించండి, పదిహేను నిమిషాలు ఒకరికి. గడ్డం గీసుకోవడం, తలంటు లాంటివి రాత్రికి పెట్టుకోండి. ఎవరైనా వంతు తప్పితే గ్రూప్‌లో మెసేజ్ పెట్టి నలుగురిలో పరువు తియ్యకుండా నేరుగా అడగండి, తొందరగా తేలుతుంది.

డబ్బులు పంపేముందు వీడియో కాల్‌లో చూడాల్సినవి

ఇండియా నుంచి బుక్ చేసేటప్పుడు ఫోటోలు నమ్మొద్దు, అవి బిల్డింగ్ కొత్తగా ఉన్నప్పుడు తీసినవి. లైవ్ వీడియో కాల్ అడగండి, కుదరదు అంటే అక్కడితో వదిలెయ్యండి. కాల్‌లో బాత్రూమ్‌లోకి తీస్కెళ్ళి ఫ్లష్ నొక్కమనండి, మళ్ళీ ట్యాంక్ నిండటానికి ఎంత సేపు పట్టిందో వినండి. షవర్ తిప్పి ధార ఎలా ఉందో, ఎంత సేపటికి వేడెక్కిందో చూపించమనండి. ఫ్యాన్ ఆన్ చేసి దాని దగ్గర ఒక టిష్యూ ముక్క పెట్టమనండి, అది ఫ్యాన్‌కి అతుక్కుంటే లాగుతున్నట్టు, జారిపడితే ఫ్యాన్ పేరుకే. తర్వాత కెమెరా సీలింగ్ మూలలకి, టబ్ గోడ కలిసే చోట ఉండే తెల్లటి సీలెంట్ దగ్గరికి తిప్పమనండి, అక్కడ నల్లగా ఉంటే బూజు. కొత్తగా పెయింట్ వేసి పై మూల మాత్రమే ఎక్కువ తెల్లగా ఉంటే కింద తేమ దాచారని అర్థం. తలుపు గడియ పడుతుందో లేదో కూడా, ఇది చిన్నదే అనిపిస్తుంది గానీ షేర్డ్ ఇంట్లో అదే పెద్దది.

ఇంట్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, మీరు వచ్చాక ఎంతమంది అవుతారు, ఎవరైనా అమ్మానాన్నల్ని రప్పించుకుని నెలల తరబడి ఉంచుకుంటారా, ఇవన్నీ మొహమాటం లేకుండా అడిగెయ్యండి. ఓనర్‌ని కాకుండా అక్కడ ఉంటున్న ఒకరితో విడిగా రెండు నిమిషాలు మాట్లాడితే బాత్రూమ్ సంగతి మొత్తం తెలిసిపోతుంది, పొద్దున ఎనిమిదింటికి పరిస్థితి ఎలా ఉంటుంది అని ఒక్క ప్రశ్న చాలు.

డబ్బుల దగ్గర, ఇంగ్లండ్‌లో 2019 జూన్ నుంచి అమల్లో ఉన్న టెనెంట్ ఫీస్ యాక్ట్ ప్రకారం రూమ్ పట్టుకోడానికి ఇచ్చే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దె దాటకూడదు, అసలు డిపాజిట్ మామూలు ఇళ్ళకి అయిదు వారాల అద్దె దాటకూడదు. ప్రైవేట్ ఇంట్లో టెనెంట్‌గా సంతకం పెడితే ఆ డిపాజిట్‌ని ఓనర్ 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీమ్‌లో పెట్టి ఆ కాగితాలు మీకివ్వాలి. ఓనర్ కూడా అదే ఇంట్లో ఉంటూ ఒక గది మీకిస్తే ఈ స్కీమ్ రూల్ వర్తించదు, అలాంటప్పుడు పెద్ద మొత్తం చేతికివ్వొద్దు.

దిగిన రోజు

తాళం చేతికొచ్చాక సామాన్లు సర్దకముందే ఫోన్ తీసి బాత్రూమ్ మొత్తం వీడియో తియ్యండి. కమోడ్ లోపల, సీటు అడుగున, షవర్ ట్రే మీద గీతలు, టైల్స్ పగుళ్ళు, సీలెంట్, కర్టెన్ కింద అంచు, సీలింగ్, ఫ్యాన్ మీద దుమ్ము, అన్నీ. వాళ్ళిచ్చిన ఇన్వెంటరీ (ఏ వస్తువు ఏ స్థితిలో ఉందో రాసే జాబితా) కాగితంలో "గుడ్ కండిషన్" అని రాసి ఉంటే కళ్ళు మూసుకుని సంతకం పెట్టకండి, లోపాలు పక్కన రాసి, ఫోటోలు జతచేసి అదే రోజు మెయిల్ చెయ్యండి, వాట్సాప్‌లో చెప్పాం కదా అంటే తర్వాత నిలబడదు. నీళ్ళు కారుతున్నా, ఫ్యాన్ తిరక్కపోయినా, బూజు కనపడినా తేదీతో మెయిల్ పెట్టి, వారంలో కదలకపోతే అదే మెయిల్ కింద రిమైండర్ పెట్టండి. అప్పటికీ కదలకపోతే యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో హౌసింగ్ సలహాకి చాలా చోట్ల ఒక డెస్క్ ఉంటుంది, ఫ్రీగా చూస్తారు, కాంట్రాక్ట్, ఈ మెయిల్స్ అన్నీ పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, ప్రైవేట్ ఇల్లు అయితే కౌన్సిల్ హౌసింగ్ టీమ్‌కి కూడా కంప్లయింట్ పెట్టొచ్చు.